బంట్రోతు సాక్ష్యం

తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక, పిల్లల క్యారేజీల పని మొదలయ్యేలోపు దొరికే గంటన్నర సనోబర్‌ది. ఆ గంటన్నరలో ఆమె తిట్లు చదువుతుంది. అందరికీ అర్థమయ్యేలా చెప్పాలంటే అంతే. ఎక్కడో సర్వర్లో పడి ఉన్న మెయిళ్ళను తెచ్చి మన కంప్యూటర్లో పెట్టే ఒక చిన్న ప్రోగ్రాం రాసి, దానికి బంట్రోతు అని పేరు పెట్టి, ఎవరైనా ఊరికే వాడుకోండి, లోపల విప్పి చూసుకోండి, చేతనైతే బాగుచెయ్యండి అని ఎనిమిదేళ్ళ కిందట లోకం మీదికి వదిలింది. వాడుకునేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. విప్పి చూసేవాళ్ళు కొందరు, తిట్టేవాళ్ళు చాలామంది, బాగుచేసేది మాత్రం పటమటలో ఒక మేడమీది వాటాలో సనోబర్ ఒక్కతే. జీతం లేని ఉద్యోగానికి ఇంతమంది పైఅధికారులు ఉంటారని ఆమెకు ముందు తెలియదు.

బుధవారం పొద్దున ఆమె ఒక జర్మనీ ఆయన ఫిర్యాదుకు జవాబు రాస్తూ ఉండగా, కింది వాటాలో అద్దెకుండే హెప్సిబా మెట్లెక్కి వచ్చింది. చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది.

"ఏంటక్కా ఇంత పొద్దున్నే? టీ పెట్టనా?"

"టీ వద్దమ్మా. ఇది కాస్త చదువు. నిన్నట్నుంచి చదువుతున్నా. ప్రతిసారీ ఇంకెవరి గురించో రాసినట్టుంది."

హెప్సిబా పనిచేసేది పటమట మెయిన్ రోడ్డు మీద రామకోటేశ్వరరావు గారి దుకాణంలో. అక్కడ కూచిపూడి నాట్యానికి బట్టలు కుట్టి ఊళ్ళూళ్ళకూ పంపిస్తారు. ఆర్డర్లు, కొలతలు మెయిల్లో వస్తాయి. వాటిని చూసి కాగితాల మీదికి ఎక్కించి టైలర్లకు అందించటం హెప్సిబా పని. పధ్నాలుగేళ్ళ నుంచి ఆ దుకాణంలో ఉంది.

సనోబర్ కాగితం విప్పింది. మెమో. ఈ నెల ఆరో తేదీన బెంగుళూరు నుంచి రాగిణి అనే నాట్యం టీచరు గారు పంపిన పదకొండు జతల ఆర్డరు మన కంప్యూటరుకు చేరినట్లు రుజువైనది. తదుపరి అది కనిపించకుండా పోవుటకు మీరే బాధ్యులు. సదరు ఆర్డరును పోటీ దుకాణమునకు చేరవేసినట్లు అనుమానము కలుగుచున్నది. శుక్రవారం సాయంత్రం లోపల సంజాయిషీ ఇవ్వనిచో విధుల నుండి తొలగించబడుదురు.

"రుజువైందంటే? ఏం చూపించారక్కా?"

"వాళ్ళ అల్లుడు గారు లేరూ, అఖిలేష్ గారు, హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం. మొన్నొచ్చారు. నీ బంట్రోతు చేసిన పనల్లా రాసుకునే లాగ్ అంట, అది తీశారు. ఆరో తారీఖు సాయంత్రం ఆరున్నరకి, 'ఉత్తరం అందింది, సర్వర్లో తీసేశాను' అని రాసుందంట. వచ్చిందిగా మరి, ఇక్కడ కూర్చునేది ఈవిడేగా అన్నారు. మనిషి అబద్ధం ఆడతాడేమో గానీ లాగ్ ఆడదు అన్నారు."

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ మాట వినగానే సనోబర్‌కు ముందు కలిగింది గర్వం. బంట్రోతు ఉత్తరం పోగొట్టదు. దాని లాగ్ అబద్ధం ఆడదు. ప్రతి వరుసా అక్కడికక్కడే డిస్కు మీద పడేలా ఎంత శ్రద్ధగా రాసింది! హెప్సిబా మాట మీద మూడేళ్ళ కిందట ఆ దుకాణంలో బంట్రోతును పెట్టింది కూడా ఆమే. ఆ గర్వంలోనే నోటికి వచ్చిన మాట అనేసింది.

"పొరపాటున నువ్వేదైనా నొక్కావేమో, ఒక్కసారి గుర్తుచేసుకో అక్కా."

హెప్సిబా ఆమె వంక చూసింది. చెయ్యి చాపి మెమో తీసుకుంది. ఉన్న మడతల మీదే మళ్ళీ నాలుగు మడతలూ పెట్టింది.

"సరేలేమ్మా. నీళ్ళొచ్చే టైమయింది" అని మెట్లు దిగిపోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. క్యారేజీలు సర్దుతున్నంతసేపూ ఆ మడతలే సనోబర్ కళ్ళ ముందు ఉన్నాయి. పెద్దవాడి డబ్బాలో చిన్నదాని పచ్చడి పెట్టేసింది.

సాయంత్రం నాలుగున్నరకు దుకాణానికి వెళ్ళింది. ముందు గదిలో నలుగురు టైలర్లు కూర్చుని ఉన్నారు. ఒకాయన నాట్యం చీరకు ముందు వేసే విసనకర్ర కుచ్చిళ్ళు మడిచి, ఒక్కొక్క మడత మీదా గోరుతో గీసి, ఇస్త్రీ పెట్టె ఆనిస్తున్నాడు. వెనక గదిలో, జరీ తానుల మధ్య హెప్సిబా బల్ల. సనోబర్ రాగానే ఆమె కుర్చీ ఇచ్చి పక్కన నిలబడింది.

రామకోటేశ్వరరావు గారు తెల్ల చొక్కా, మెడలో వేలాడే కొలత టేపుతో లోపలికి వచ్చారు. అరవై దాటిన మనిషి. ఎవరినీ గట్టిగా అనరు. మెత్తగానే అంటారు.

"చూసుకోండమ్మా, మీరు పెట్టిందేగా. మీరు పెట్టింది బాగానే పనిచేస్తోంది. మనిషే..." అని ఆగి, హెప్సిబా వైపు చూడకుండా, "ఆ టీచరు గారు ఫోన్ చేసి మా పిల్లల రంగప్రవేశం పదిహేనురోజుల్లో ఉంది, బట్టలు పంపించారా అంటే నాకు నోట మాట రాలేదమ్మా. నలభయ్యేళ్ళలో ఇలాంటిది లేదు" అన్నారు.

ఆయన వెళ్ళాక సనోబర్ ఉత్తరాలు ఉండే ఫోల్డరు తెరిచింది. మెయిళ్ళు చదివే తెర మీద కాదు; దాని వెనక, ఉత్తరాలు ఫైళ్ళుగా పడి ఉండే చోటు. ఆరో తేదీ వరకు జరుపుకుంటూ వచ్చింది. సాయంత్రం ఆరూ ముప్ఫై. ఫైలు ఉంది. తీసేస్తే ఉండదు కదా, ఉంది. ఆమె ఊపిరి పీల్చుకోబోయి, పక్క గడిలో ఫైలు సైజు చూసింది.

సున్నా.

కవరు ఉంది, లోపల ఉత్తరం లేదు. లోపల ఏమీ లేని ఫైలును మెయిళ్ళు చదివే తెర అసలు చూపించదు. చూపించని దాన్ని హెప్సిబా ఎలా తీసేస్తుంది? ఇది ఎవరో నొక్కితే జరిగేది కాదు. ఎలా జరిగిందో మాత్రం ఇంకా తెలియలేదు.

ఆరింటికి హెప్సిబా బ్యాగు తగిలించుకుంది.

"కంప్యూటర్ ఆపవా అక్కా?"

"ఆపొద్దంటారు సారు. ఆర్డర్లు ఏమైనా వస్తాయని. ఆరున్నరకి ఆయనే మెయిన్ ఆపేస్తారుగా."

"మెయినా? మరి కింద ఈ యూపీఎస్?"

"అది చచ్చిపోయి రెండేళ్ళయింది. నేను కాళ్ళు పెట్టుకుంటా దానిమీద."

సనోబర్ లేవలేదు. హెప్సిబాను కూడా ఉండమంది. ఆరూ ఇరవై అయిదుకు టైలర్లు ఇస్త్రీ పెట్టెల ప్లగ్గులు పీకేసి చెప్పులు వేసుకున్నారు. రామకోటేశ్వరరావు గారు దుకాణమంతా ఒకసారి కలయజూసి, అమ్మవారి పటానికి దణ్ణం పెట్టుకుని, చిన్న స్టూలు మీటరు కిందికి జరుపుకుని, దానిమీద ఎక్కారు. పట్టు, జరీ, గట్టి అస్తరుకు వేసే బుక్రం నిండిన చోట ఒక్క నిప్పురవ్వ పడితే ఏం మిగులుతుంది? అందుకని ఆ పని ఎవరికీ వదలరు. గోడ గడియారం వైపు చూశారు. ఆరున్నర. మెయిన్ కిందికి లాగారు. ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగింది. కంప్యూటరు తెర ఠక్కున నల్లబడింది.

ప్రతి అరగంటకీ, గంట కొట్టినట్టు, మెయిళ్ళు తేవటానికి లేచేది బంట్రోతు. అది కూడా ఆరున్నరకే లేస్తుంది.

గురువారం పొద్దున సనోబర్ కొత్త తిట్లు తెరవలేదు. పాతవి వెతికింది. సున్నా, ఖాళీ ఫైలు, కరెంటు అని వెతికితే రెండేళ్ళ కిందటిది ఒకటి దొరికింది. నేపాల్లో ఏదో కొండ ఊళ్ళో చిన్న ఆస్పత్రి నడిపే ఒకాయన రాశాడు. కరెంటు పోయిన రోజున రెండు ఉత్తరాలు పోయాయి, ఖాళీ ఫైళ్ళు మిగిలాయి, లాగ్ మాత్రం అందాయంటోంది, చూడగలరా అని. కింద ఆమె జవాబు ఉంది. కంప్యూటరును పద్ధతిగా షట్‌డౌన్ చెయ్యండి; ఇది బంట్రోతు తప్పు కాదు. ఆ జవాబుతోనే ఫిర్యాదు మూసేసింది. దాని కింద ఆయన మరొక్క వాక్యం రాసి ఊరుకున్నాడు: మా ఊళ్ళో కరెంటు నాకు చెప్పి పోదండీ.

ఈ మాట బెజవాడలో పుట్టి పెరిగిన మనిషికి, అందులోనూ ఇన్వర్టర్లు అమ్మే మనిషి భార్యకు, నేపాల్ నుంచి ఒకరు చెప్పాల్సి వచ్చింది. సనోబర్‌కు చెవులు వేడెక్కాయి.

ఇంకా వెనక్కి వెళ్ళింది. కంప్యూటరు ఏ ఫైలునైనా రాసేశాను అన్నాక కూడా కాసేపు తన బుర్రలోనే ఉంచుకుని, తీరిక చూసుకుని డిస్కు మీద పెడుతుంది. అర నిమిషం పట్టవచ్చు. మొదట్లో బంట్రోతు ఆ అర నిమిషాన్ని నమ్మేది కాదు; డిస్కు మీద పడిందని రూఢి చేసుకున్నాకే సర్వర్లో తీసేసేది. దానివల్ల నెమ్మదిగా ఉందని గోల చేశారు. నాలుగేళ్ళ కిందట సనోబర్ ఆ రూఢి చేసుకునే వరుస తీసేసింది. బంట్రోతు ఒక్కసారిగా మూడింతలు వేగం అందుకుంది. ఆ రోజు వచ్చినన్ని మెచ్చుకోళ్ళు ఆమెకు ముందూ రాలేదు, తర్వాతా రాలేదు. లాగ్‌లో రాసే వరుసను మాత్రం అక్కడికక్కడ డిస్కు మీద పడేలా అలాగే ఉంచింది. అంటే ఉత్తరం చేతికివ్వక ముందే పుస్తకంలో 'ఇచ్చాను' అని సంతకం పెట్టే బంట్రోతును తయారుచేసింది. ఆ అర నిమిషంలో మెయిన్ ఆగితే ఉత్తరం ఇక్కడా ఉండదు, అక్కడా ఉండదు. సంతకం ఒక్కటీ మిగులుతుంది.

మధ్యాహ్నం ఆమె భర్త జాహిద్ బ్యాటరీల కొట్టుకు వెళ్ళింది. మూల పడి ఉన్న పాత కంప్యూటరు దులిపి బల్ల మీద పెట్టించింది.

"నేను చెయ్యెత్తగానే మీరు ప్లగ్గు పీకాలి. అంతే."

"ఇరవయ్యేళ్ళ నుంచి కరెంటు పోకుండా చూసే వ్యాపారం నాది" అన్నాడు జాహిద్, స్టూలు లాక్కుని. "ఇవాళ భార్య కోసం పీకుతున్నా. బ్యాటరీ కోసం వచ్చినవాళ్ళు చూస్తే పరువు పోతుంది."

ఇరవైసార్లు పీకాడు. పద్నాలుగుసార్లు సున్నా వచ్చింది. సనోబర్ కాగితం మీద గీతలు పెట్టుకుంటూ పోయింది. పద్నాలుగో గీత దగ్గర జాహిద్ నవ్వటం మానేశాడు. తీసేసిన వరుసను ఆమె తిరిగి చేర్చింది. ఫైలు పేరు కూడా డిస్కు మీదికి చేరిందో లేదో చూసే మరొక వరుస కలిపింది. మళ్ళీ ఇరవైసార్లు. ఒకసారి ఉత్తరం ఇక్కడా ఉంది, సర్వర్లోనూ ఉంది. రెండుచోట్లా ఉంటే ఉండనీ. ఎక్కడా లేకపోవటం మాత్రం ఒక్కసారి కూడా జరగలేదు. రెండు వరుసల పని. నాలుగేళ్ళు ఆలస్యం.

"రేపు ఏం చెప్తావు వాళ్ళకి?" అడిగాడు జాహిద్.

"ఉన్నది చెప్తాను."

"ఓనరు గారు మెయిన్ ఆపటం వల్ల పోయిందని చెబితే సరిపోద్దిగా. అదీ ఉన్నదేగా."

సనోబర్ కీబోర్డు మీద దుమ్ము తుడిచింది. అలా చెబితే బాగుండునని ఆమెకూ అనిపించింది. లోకంలో ఎవరికీ తెలియదు. రెండు వరుసలు చేర్చి, 'మరింత భద్రం' అని రాస్తే మళ్ళీ మెచ్చుకుంటారు కూడా.

"ఆయన మెయిన్ ఆపుకుంటారండీ. ఆయన ఇల్లు, ఆయన మెయిను. ఉత్తరం కాపాడాల్సింది నేను" అంది.

ఆ సాయంత్రం కింది వాటాకు వెళ్ళింది. హెప్సిబా వాకిట్లో పీట మీద కూర్చుని గోంగూర ఆకు తుంపుతోంది. సనోబర్ ఎదురుగా గచ్చు మీద కూర్చుని, తనూ రెండు కట్టలు ముందుకు లాక్కుంది.

"అక్కా, నువ్వు ఏమీ నొక్కలేదు. పోగొట్టింది నా ప్రోగ్రామే. తప్పు నాది."

హెప్సిబా చేతిలో కట్ట పూర్తిచేసి పక్కన పెట్టింది.

"మరి నిన్న నన్నడిగావేమ్మా?"

"తప్పయిపోయింది అక్కా."

"సారు అడిగినప్పుడు ఏడుపు రాలేదు. నువ్వడిగితే వచ్చింది" అంది హెప్సిబా. తర్వాత, "కాడలు ఉంచకు, ఆకు ఒక్కటే" అంది. ఆ మాటతో సనోబర్‌కు కొంచెం ప్రాణం లేచివచ్చింది.

శుక్రవారం సాయంత్రానికి అఖిలేష్ కూడా దుకాణంలో ఉన్నాడు. ఇది చిక్కు. మన జిల్లాల్లో మామగారు ఎవరి మాటైనా కాదంటారు గానీ అల్లుడి మాట కాదనరు. లాగ్ చూసి తేల్చింది అల్లుడు గారు. అది తప్పని ఒప్పుకుంటే అల్లుడు గారికి చిన్నతనం. తప్పు తన ప్రోగ్రాందేనని సనోబర్ రాసుకొచ్చిన ఉత్తరాన్ని రామకోటేశ్వరరావు గారు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏ కంపెనీ తరపునమ్మా ఇది? స్టాంపు లేదే?"

"కంపెనీ లేదండీ. నేనే."

"మరి మీరూ ఆవిడా ఒకే ఇంట్లో ఉంటారు..." అని మెత్తగా ఆగారు.

అఖిలేష్ మర్యాదగానే మాట్లాడాడు. "మేడమ్, ఈ సాఫ్ట్‌వేర్ నాకు తెలుసు. అన్ని దేశాల్లో వాడుతున్నారు. ఉత్తరాలు పోతే ఈపాటికి ఎవరో ఒకరు చెప్పేవారు కదండీ?"

"చెప్పారండీ" అంది సనోబర్. "రెండేళ్ళ కిందట చెప్పారు. మీదే తప్పని చెప్పి పంపించేశాను."

ముందు గదిలో మిషను చప్పుడు ఆగింది.

"మీరు లాగ్ చదవటంలో పొరపాటు లేదు. చదివినవాళ్ళది తప్పు కాదు, రాసినవాళ్ళది. ఒక్కసారి చేసి చూద్దాం. మీరే మీ ఫోన్లోంచి ఒక మెయిలు కొట్టండి. బంట్రోతును నేను చేత్తో పిలుస్తాను. సార్ రోజూ ఎలా ఆపుతారో అలాగే మెయిన్ ఆపాలి."

అఖిలేష్ మెయిలు పంపాడు. రామకోటేశ్వరరావు గారు స్టూలు ఎక్కబోయి, ఆగి, అలవాటు ప్రకారం పటం దగ్గరికి నడిచి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, తీరిగ్గా వచ్చి మెయిన్ ఆపారు. మళ్ళీ వేశారు. కంప్యూటరు లేచింది. మెయిలు అక్కడే ఉంది, నిక్షేపంగా.

హెప్సిబా ముఖం పాలిపోయింది. అఖిలేష్ చిన్నగా నవ్వాడు.

"అర నిమిషం దాటిపోయింది సార్" అంది సనోబర్. "ఈసారి దణ్ణం ముందే పెట్టేసుకోండి. స్టూలు మీద నిలబడి ఉండండి."

రెండోసారి ఆయన చెయ్యి మెయిన్ మీదే ఉంది. సనోబర్ పిలిచింది. అందింది, తీసేశాను అన్న వరుస పడటం అఖిలేష్ కళ్ళారా చూశాడు. చీకటి. మళ్ళీ వెలుతురు. కంప్యూటరు లేచేదాకా నలుగురూ నల్ల తెర వంకే చూస్తూ నిలబడ్డారు. లాగ్‌లో వరుస ఉంది. మెయిళ్ళ తెర మీద ఏమీ లేదు. అఖిలేష్ సర్వర్లో వెతికాడు. అక్కడా లేదు. ఫోల్డరులో ఫైలు, దాని పక్కన సున్నా.

"ఇంకోసారి" అన్నారు రామకోటేశ్వరరావు గారు.

ఇంకోసారీ అంతే అయింది. ఆయన స్టూలు దిగలేదు. మెయిన్ పట్టుకున్న తన చేతి వంక చూసుకుంటూ ఉండిపోయారు. మామగారి ముఖం చూసి అఖిలేషే ముందుకు వచ్చి, "నేను తొందరపడ్డాను" అన్నాడు హెప్సిబాతో. చదువుకున్నవాడు గదా, ఆ మాత్రం అనగలిగాడు. పెద్దాయన అది కూడా అనలేదు. దిగివచ్చి, మెమో ఇలా ఇమ్మని చెయ్యి చాపి, తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

"రేపు మామూలుగా వచ్చెయ్. రాగిణి గారికి ఫోన్ చేసి కొలతలు మళ్ళీ పంపమను. రాత్రింబగళ్ళు కూర్చునైనా కుట్టిచ్చేద్దాం."

కథ ఇక్కడ ఆగితే అందరికీ బాగుండేది. సనోబర్ కొత్త బంట్రోతును ఎక్కించి, ఇలా పోయినవి ఇంకేమైనా ఉన్నాయేమో, వాళ్ళనీ మళ్ళీ పంపమని అడగొచ్చని, మూడేళ్ళ ఫోల్డరులో ఖాళీ ఫైళ్ళన్నీ ఏరింది. తొమ్మిది తేలాయి. తేదీలు చదువుతుంటే హెప్సిబా కాగితం మీద రాసుకుంటోంది.

"పోయినేడు జూన్ పన్నెండు. ఆగస్టు పంతొమ్మిది, సాయంత్రం ఆరున్నర. అక్టోబరు..."

హెప్సిబా పెన్ను ఆగిపోయింది. "ముందుది మళ్ళీ చదువు."

"ఆగస్టు పంతొమ్మిది."

"మార్త" అంది హెప్సిబా.

రామకోటేశ్వరరావు గారు జరీ తాను ఒకటి చేతిలోకి తీసుకుని చుట్టటం మొదలుపెట్టారు. అది చుట్టే ఉంది.

హెప్సిబాకు ముందు ఈ బల్ల దగ్గర కూర్చున్నది మార్త. హెప్సిబా అప్పుడు ప్యాకింగులో ఉండేది. పోయినేడు ఆగస్టులో ఇలాగే ఒక ఆర్డరు కనిపించకుండా పోయింది. మార్తను పంపేశారు. ఆ కుర్చీ హెప్సిబాకు ఇచ్చారు.

"సారు నన్ను పిలిచి అడిగారు, ఎవరు తీసుంటారని" అంది హెప్సిబా, ఎవరి వంకా చూడకుండా. "మార్త తియ్యలేదని నాకు తెలుసో లేదో దేవుడికెరుక. కంప్యూటర్ దగ్గర కూర్చునేది ఆ పిల్లేగదండీ అన్నాను. అంతే అన్నాను."

పోయినేడు ఆగస్టు. నేపాల్ ఆయన ఫిర్యాదు మూసేసిన తర్వాత. ఆ ఫిర్యాదు వచ్చినప్పుడే ఆ రెండు వరుసలూ చేర్చి ఉంటే మార్త ఈ కుర్చీలోనే ఉండేది. సనోబర్‌కు లెక్క వెంటనే తేలిపోయింది. తేలినందుకు ఏడుపు వచ్చింది.

శనివారం హెప్సిబా సెలవు పెట్టింది. పెద్దాయన కాదనలేదు. ఆ పిల్లను కావాలంటే రమ్మను అని మాత్రం అన్నారు. ఇద్దరూ ఆటోలో గుణదల వెళ్ళారు. మేరీమాత గుడికి పోయే దారిలో వరసగా కొవ్వొత్తుల కొట్లు. మూడో కొట్టులో మార్త ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. సన్న కొవ్వొత్తులను డజన్ల లెక్కన కాగితంలో చుట్టి రబ్బరుబ్యాండ్లు వేస్తోంది. హెప్సిబాను చూసి చెయ్యి ఆపి, మళ్ళీ చుట్టటం మొదలుపెట్టింది.

సనోబర్ చెప్పింది. కరెంటు, అర నిమిషం, సున్నా, తను తీసేసిన వరుస, మూసేసిన ఫిర్యాదు. ఎంత తేలిగ్గా చెబుదామన్నా పావుగంట పట్టింది. మధ్యలో ఇద్దరు కొనుక్కునేవాళ్ళు వచ్చి వెళ్ళారు. మార్త చిల్లర ఇచ్చి మళ్ళీ వింది.

"అయితే నేను నొక్కలేదా?" అంది చివరికి.

"లేదమ్మా."

"నిజంగా నొక్కలేదా?"

"లేదు."

"ఒప్పుకో, గొడవ లేకుండా పంపించేస్తానన్నారండీ సారు. బయట వేరే చోట పని దొరకాలి గదా అని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక నాకే అనుమానమొచ్చింది, నిజంగా నేనే నొక్కానేమోనని. ఒక్కోరోజు నొక్కినట్టు గుర్తొచ్చేది కూడా. వేలు ఎక్కడ పెట్టానో కూడా." ఆమె కొవ్వొత్తుల కట్ట పక్కన పెట్టింది. "ఇప్పుడు ఫోన్లో ఫొటో తీసెయ్యాలన్నా మా చెల్లెలి చేతికిస్తానండీ."

హెప్సిబా కొట్టు బల్ల మీదుగా చెయ్యి చాపి మార్త మణికట్టు పట్టుకుంది. "ఆ రోజు నేను..." అని మొదలుపెట్టి పూర్తిచెయ్యలేకపోయింది. మార్త చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పట్టుకోనూ లేదు.

"సారు రమ్మన్నారు" అంది హెప్సిబా.

"ఊ" అంది మార్త. వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు.

సనోబర్ కాస్త ముందుకు జరిగింది. "రేపు పొద్దున కొత్త బంట్రోతును అందరికీ విడుదల చేస్తున్నాను. దాంతోపాటు ఏం బాగుచేశామో ఒక నోటు రాస్తాం. లోకంలో వాడేవాళ్ళందరూ చదువుతారు. దీనివల్ల నష్టపోయినవాళ్ళుగా నీ పేరు, అక్క పేరు అందులో రాద్దామనుకున్నాను. నీకిష్టమైతేనే."

"మామూలుగా ఎవరి పేర్లు రాస్తారండీ అందులో?"

"తప్పు కనిపెట్టినవాళ్ళవి. బాగుచేసినవాళ్ళవి."

"తప్పు చేసినవాళ్ళది?"

"రాయరు" అంది సనోబర్. ఎనిమిదేళ్ళలో ఎన్ని నోట్లు రాసిందో; ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది.

మార్త ఇంకో డజను లెక్కపెట్టింది. కాగితం చుట్టింది.

"నా పేరొద్దండీ. సంవత్సరం నుంచీ ఆ తప్పు మీద నా పేరే ఉంది" అంది. "మీ పేరు రాయండి."

ఆదివారం ఫజర్ అయ్యాక సనోబర్ నోటు రాయటానికి కూర్చుంది. ఎప్పుడూ పది నిమిషాల్లో రాసేది, ఈసారి పొద్దెక్కేదాకా పట్టింది; క్యారేజీలు లేని రోజు కాబట్టి సరిపోయింది. నాలుగేళ్ళ కిందట ఉత్తరాలు పోగొట్టే ఈ తప్పు చేసింది సనోబర్. రెండేళ్ళ కిందట ఒకరు చెప్పినా వినలేదు, ఆయనకు క్షమాపణ. పోయిన ఉత్తరాలకు నిందపడ్డవాళ్ళు మీ దగ్గర ఎవరైనా ఉంటే, వాళ్ళు చెయ్యలేదు. వెళ్ళి ఆ మాట చెప్పండి. అంతవరకు రాసి, ఒకసారి చదువుకుని, ఏమీ మార్చకుండా పంపింది. పంపిన పావుగంటకు మొదటి జవాబు వచ్చింది. ఎవరో, ఏ దేశమో తెలియదు. వేగం తగ్గిపోయిందేమిటని అడిగాడు.